లాకుల దగ్గర: నా కామిక్ ప్రాజెక్టు డైరీ

జూన్ 22, 2025, ఆదివారం

ఉగాది రోజు నా కామిక్ మొదటి ఎపిసోడ్ ఆన్‌లైన్‌లో పెట్టి, ఇకనుంచి వారానికొకటి ఇస్తానని కింద రాశాను. ఇవాళ్టికి పన్నెండు వారాలైంది. వచ్చినవి నాలుగు. చదివేవాళ్ళు ఎవరూ తిట్టలేదు. "తర్వాతి భాగం ఎప్పుడు?" అని అడిగే ఆ కొద్దిమంది మాత్రం మెల్లగా అడగడం మానేశారు. తిట్టినా ఇంత బాధ అనిపించేది కాదేమో. ఎక్కడ ఆగిపోతున్నానో రాసుకుంటే తప్ప తెలిసేలా లేదు, అందుకే ఈ డైరీ మొదలుపెట్టాను.

కామిక్ పేరు "లాకుల దగ్గర". బెజవాడ నుంచి ఏలూరు కాలవలో సరుకు పడవలు నడిచిన రోజుల కథ. లాకులంటే కాలవలో పడవలను ఒక నీటి మట్టం నుంచి ఇంకో మట్టానికి దాటించే తలుపుల గదులు. ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. నా కథ అంతకు రెండేళ్ళ ముందు మొదలవుతుంది. మా అమ్మమ్మ వాళ్ళ నాన్న ధాన్యం పడవ మీద పనిచేసేవారు. చిన్నప్పుడు ఆయన వెంట పడవెక్కి తిరిగిన అమ్మమ్మే ఇందులో చిట్టి. ఇప్పుడు ఆమెకు డెబ్భై ఎనిమిదేళ్ళు, ఏలూరులో మామయ్య దగ్గర ఉంటోంది. ఆమెకు గుర్తున్నవన్నీ ఆమె చూస్తుండగానే బొమ్మల్లోకి రావాలి. నా తొందరంతా అందుకే.

ఇక నా రోజు. బెజవాడ గవర్నరుపేటలో ఒక ఆడిటర్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. ప్రతి నెలా క్లయింట్ల జీఎస్టీ రిటర్నులు వేయాలి: 11కి జీఎస్టీఆర్-1, 20కి 3బీ. ఆ తేదీలకు ముందు రెండు మూడు రోజులు ఇంటికి ఎన్నింటికి చేరతానో చెప్పలేను. దానికి తోడు సీఎంఏ (కాస్ట్ అకౌంటెంట్ కోర్సు) ఇంటర్ చదువుతున్నాను. ఈ నెలలోనే గ్రూప్-1 నాలుగు పేపర్లు రాశాను, డిసెంబరులో గ్రూప్-2 ఉంది. ఆదివారం పొద్దున క్లాసు. బీకాం స్నేహితులు నలుగురం ఇదే ఊళ్ళో ఉన్నాం. వాళ్ళను చివరిసారి ఎప్పుడు కలిశానో గుర్తు తెచ్చుకోవడానికి ఫోన్లో ఫొటోలు వెతకాల్సి వచ్చింది.

రేపటి నుంచి బొమ్మ మొదలుపెట్టిన టైము, ఆపిన టైము ఒక పాత లెడ్జరులో రాస్తాను. రోజంతా క్లయింట్ల లెక్కలు రాసే చేతికి నా గంటల లెక్క ఒక భారం కాదు.

జూలై 6, ఆదివారం

ఐదో ఎపిసోడ్ పూర్తయింది. పరీక్షలు ఇప్పుడే అయ్యాయి కాబట్టి ఈ రెండు వారాలూ చదువు టైము కూడా దీనికే పెట్టాను. లెడ్జరు లెక్క ఇది: స్క్రిప్టు 2 గంటలు, చిన్న చిన్న గీతల్లో ప్లాను గంటన్నర, పెన్సిల్ 6, ఇంకు గీతలు 7, రంగులు 6, మాటల బుడగల్లో అక్షరాలు 4, ముక్కలు కోసి అప్‌లోడ్ చేయడం 1. మొత్తం ఇరవై ఏడున్నర గంటలు.

చదువు ఉన్న మామూలు వారంలో నాకు మిగిలేది ఎంత? పొద్దున చదువయ్యాక ముప్పావు గంట చొప్పున ఐదు రోజులు, రాత్రి గంట చొప్పున నాలుగు రోజులు, ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు. అన్నీ కలిపితే పదకొండు గంటలకు పావుగంట తక్కువ. ఇరవై ఏడున్నర గంటల పనిని ఇందులో వారానికొకటి ఇస్తానని మాటిచ్చాను. అంకెలు ఎదురుగా కనిపించాక నా మీద నాకున్న కోపం చాలావరకు పోయింది. నా బద్ధకం వల్ల కాదు, లెక్కే కుదరదు.

లెడ్జరు వల్ల ఇంకొకటి తెలిసింది. దీన్ని మాత్రం నేను ఊహించలేదు. రాత్రి తొమ్మిదిన్నర దాటాక గీసిన చిట్టి ముఖాలు పదకొండు. వాటిలో ఎనిమిదింటిని మర్నాడు పొద్దున చెరిపి మళ్ళీ గీశాను. అదే రాత్రి టైములో నింపిన రంగుల్లో ఒక్కటీ మార్చలేదు. ఆఫీసు నుంచి వచ్చాక నా చెయ్యి పనిచేస్తుంది, బుర్ర పనిచేయదు. ముఖం గీయాలంటే బుర్ర కావాలి. ఆకాశం నింపడానికి చెయ్యి చాలు.

కాబట్టి ఇకనుంచి పొద్దున్న ముప్పావు గంట స్క్రిప్టుకీ, ప్లానుకీ, ముఖాలకీ. రాత్రి రంగులు, కాలవ గట్లు, పెంకుటిళ్ళ పైకప్పులు, ఫైళ్ళు సర్దుకోవడం. పొద్దున పని రాత్రికి వాయిదా వేయకూడదు. పొద్దున పోతే పోయిందనుకోవాలి.

రెండు వారాలకొకటి ఇస్తానని, 13 నుంచి మొదలని రాసి పెట్టాను. పంపించే ముందు చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. వెనక్కి తగ్గినట్టు అనిపించింది. అయినా పంపించాను.

జూలై 21, సోమవారం

నిన్న ఆదివారమైనా 3బీ ఆఖరి రోజు కాబట్టి ఆఫీసుకు వెళ్ళాను. ఇవాళ పొద్దున అక్షరాల సంగతి తేల్చాను. తెలుగులో కామిక్ చేసేవాళ్ళందరికీ తగిలే ఇబ్బంది ఇది, అందుకే వివరంగా రాస్తున్నాను.

ఇంతవరకు బొమ్మంతా పూర్తి చేసి, ఆఖర్న మిగిలిన జాగాలో బుడగ పెట్టి మాటలు ఇరికించేదాన్ని. వెబ్‌టూన్ కాన్వాస్‌లో (నా ఎపిసోడ్లు పెట్టే కామిక్ సైటు) బొమ్మ వెడల్పు 800 పిక్సెళ్ళు. నేను రెట్టింపు సైజులో గీసి తర్వాత తగ్గిస్తాను. ఆ 800 వెడల్పులో అక్షరం 38 కంటే చిన్నదైతే అమ్మ తన ఫోన్లో కళ్ళద్దాలు లేకుండా చదవలేకపోతోంది. 38 పెడితే "వెళ్ళిపోతున్నావనుకున్నాను" అనే ఒక్క మాటే బుడగని ఈ చివర నుంచి ఆ చివరకు తినేస్తోంది. మధ్యలో విరిచి కింది వరసలో పెడితే చదివే కన్ను తడబడుతుంది. ఇక వత్తులు. వరసల మధ్య దూరం తగ్గిస్తే పై వరసలోని వత్తు కింది వరసలోని గుడి మీద కూర్చుంటుంది. "లక్ష్మి" కింద "నీళ్ళు" వచ్చిన చోట రెండూ కలిసి ఏదో కొత్త అక్షరంలా కనిపించింది. ముందు వాడిన సాఫ్ట్‌వేర్‌లో అయితే వత్తులు విడిపోయి "స్త్రీ" మూడు ముక్కలైంది. ఇప్పుడు బొమ్మ క్రీటాలో, అక్షరాలు ఇంక్‌స్కేప్‌లో. మాటలకు మండలి ఫాంటు, లాకు తలుపు పడిన చప్పుడు లాంటి వాటికి రామభద్ర. వరసల దూరం అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లకు పైనే ఉంచాను.

అసలు మార్పు వేరే ఉంది. ఇప్పుడు అక్షరాలు మొదట పెడుతున్నాను. ప్లాను గీయకముందే ఖాళీ పేజీలో మాటలు వేసి, వాటి చుట్టూ బుడగ గీసి, మిగిలిన జాగాలో మనుషులను కూర్చోబెడతాను. దీనివల్ల నాలుగు గంటల పని ప్లానులోనే కలిసిపోయింది.

ఇంకో లాభం కూడా జరిగింది. చిట్టి మాట మొదట ఇలా రాశాను: "నన్ను వదిలిపెట్టి వెళ్ళిపోతున్నావనుకున్నాను నాన్నా." బుడగలో పట్టలేదు. కోసి, కోసి, చివరకు "పోతన్నావా నాన్నా?" దగ్గర ఆగాను. ఫోన్లో అమ్మమ్మకి రెండూ చదివి వినిపించాను. మొదటిది విని ఊరుకుంది. రెండోది వినగానే "ఆ, అట్టాగే అడిగేదాన్ని" అంది.

బొమ్మల గడులు కూడా నలభై నుంచి ఇరవై నాలుగుకి తగ్గించాను, రంగులు ఐదే పెట్టుకున్నాను: కాలవ బురద రంగు, ఆకుపచ్చ, పెంకు ఎరుపు, గోనెసంచి రంగు, రాత్రికి ఒక నీలం. ఇప్పుడు ఒక ఎపిసోడ్‌కు పదిహేడు గంటలు పడుతోంది. రెండు వారాల్లో నాకున్నది ఇరవై ఒకటిన్నర. మిగిలే నాలుగున్నర గంటలూ తర్వాతి ఎపిసోడ్ ఖాతాలో వేస్తున్నాను.

ఆగస్టు 17, ఆదివారం

గ్రూప్-1 పాసయ్యాను. ఒక్కో పేపర్లో 40, నాలుగూ కలిపి 200 రావాలి. కాస్ట్ అకౌంటింగ్‌లో భయపడ్డాను కానీ గట్టెక్కాను.

తెనాలిలో మా స్నేహితురాలి పెళ్ళికి వెళ్ళొచ్చాం. అక్కడ జరిగింది రాయాలి. ముహూర్తానికి ఇంకా టైముంది, అందరూ టిఫిన్లు చేస్తున్నారు. నేను గోడకి ఆనుకుని ఫోన్లో ఏడో ఎపిసోడ్‌కు వచ్చిన కామెంట్లు చదువుతూ, పెళ్ళికూతురి చెయ్యి చూసి గాజులు ఎలా పడుతున్నాయో ఒక చిన్న గీత వేసుకుంటున్నాను. పక్కన కూర్చున్న స్నేహితురాలు మెల్లగా అంది: "వచ్చావు గానీ నువ్విక్కడ లేవే." గొంతులో కోపం లేదు. కోపం ఉంటే జవాబు చెప్పేదాన్నేమో. ఫోను బ్యాగులో పెట్టేశాను. తలంబ్రాలప్పుడు ముందు వరసలో ఉన్నాను. రాత్రి తిరుగు ప్రయాణంలో నలుగురం కారులో మూడేళ్ళ కబుర్లు చెప్పుకున్నాం.

ఇన్నాళ్ళూ మనుషులను మిగిలిన టైములో కలుద్దామనుకున్నాను. నా లెక్కలో మిగిలిన టైమనేదే లేదు. ఇకమీదట శనివారం సాయంత్రం ఆరు నుంచి బొమ్మలు గీసే టాబ్లెట్ ముట్టను. వాళ్ళు కుదిరితే పున్నమి ఘాట్, కుదరకపోతే అమ్మతో బీసెంట్ రోడ్డు. పైన లెక్క వేసిన గంటల్లో శనివారం ఎలాగూ లేదు, కాబట్టి ఎపిసోడ్‌కు నష్టం లేదు. ఇప్పటివరకు ఆ సాయంత్రాలు టెన్షన్ పడుతూ, ఏమీ గీయకుండానే గడిచిపోయేవి.

సెప్టెంబరు 17, బుధవారం

రెండు వారాలుగా పెన్ను పట్టలేదు. ఆదాయపు పన్ను రిటర్నుల గడువు ఈసారి జూలై 31 నుంచి సెప్టెంబరు 15కి మార్చారు. పొడిగించారు కదా అని కాగితాలు తేకుండా కూర్చున్న క్లయింట్లందరూ ఆఖరి వారంలో వచ్చారు. 15 రాత్రి ఇంకో రోజు పెంచారు. నిన్న రాత్రి ఇంటికి వచ్చేసరికి పదకొండున్నర.

అయినా 7వ తేదీన తొమ్మిదో ఎపిసోడ్ వెళ్ళింది. పదోది 21కి సిద్ధంగా ఉంది. జూలై నుంచి నాలుగున్నర గంటలు చొప్పున దాచుకుంటూ వచ్చినదే ఈ నిల్వ. ఆఫీసులో ఫారం నింపుతూ ఉండగా ఫోన్లో ఒక పాఠకురాలి కామెంటు వచ్చింది, వాళ్ళ తాతగారు కూడా కాలవ మీద పనిచేశారట. నేను గీయని వారంలో కూడా నా కథ నడుస్తోంది. ఆ మధ్యాహ్నం ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

సెప్టెంబరు 28, ఆదివారం

22 నుంచి జీఎస్టీ రేట్లు మారాయి. 12, 28 శాతాల్లో ఉన్న వస్తువులు చాలావరకు 5కీ, 18కీ వెళ్ళాయి. క్లయింట్ల బిల్లింగ్‌లో అన్నీ మార్చి పెట్టాలి. మరోపక్క దసరా, ఊరంతా కొండ వైపే ఉంది. ఇంత హడావిడిలోనూ ఈ వారం నా చేతి నుంచి ఇంతవరకు వచ్చినవాటిలో అన్నిటికంటే మంచి పేజీ వచ్చింది.

పదకొండో ఎపిసోడ్‌లో చిట్టి మొదటిసారి లాకులు దాటుతుంది. లాకు పనిచేసే తీరు తెలియనివాళ్ళకి చెప్పాలి: పడవ రెండు తలుపుల మధ్య గదిలోకి వస్తుంది, వెనక తలుపులు మూస్తారు. ముందు వైపు తూము ఎత్తితే గదిలో నీళ్ళు కిందికి జారిపోతాయి, వాటితో పాటే పడవ కూడా దిగుతుంది. అవతలి నీళ్ళతో మట్టం సమానమయ్యాక ముందు తలుపులు తెరుచుకుంటాయి. మొదట దీన్ని తొమ్మిది గడుల్లో, బాణం గుర్తులతో గీశాను. బడి పుస్తకంలో పటంలా ఉంది.

గురువారం పొద్దున ఫోన్లో ఏదో చదువుతూ వేలితో పైకి తోస్తుంటే తట్టింది. చదివేవాళ్ళు కిందికి దిగుతున్నారు, పడవ కూడా కిందికే దిగుతోంది! గడులన్నీ తీసేశాను. 800 వెడల్పు, 6400 పొడవు ఉన్న ఒకే బొమ్మ. ఎడమ వైపు పైనుంచి కిందిదాకా లాకు రాతి గోడ. పైన పొడి రాయి, మధ్యలో తడి చార, కింద నాచు. పడవ అందులో ఐదు చోట్ల కనిపిస్తుంది, ప్రతిసారీ చిట్టి తల ఇంకాస్త పైకెత్తి ఉంటుంది. ఆకాశం ముక్క చిన్నదవుతూ వస్తుంది. అడుగున ఒక్కటే మాట: "నాన్నా, గోడ పెరుగుతోంది." అప్‌లోడ్‌కు 1280 చొప్పున కోస్తే సరిగ్గా ఐదు ముక్కలైంది. కోత పడ్డ చోట పడవ రాకుండా చూసుకున్నాను.

ఇన్‌స్టాగ్రామ్‌లో బొమ్మలు పక్కకి జరుగుతాయి కాబట్టి ఆ పొడుగు బొమ్మ అక్కడ పనికిరాదు. అక్కడికి ఒకే కోణంలో ఐదు బొమ్మలు వేరేగా గీశాను. పక్కకి తోసినప్పుడల్లా ఉన్నచోటే నీళ్ళు ఒక మెట్టు దిగుతాయి. మూడు గంటలు ఎక్కువ పట్టింది. ఇలాంటి చోట లెడ్జరు చూడకూడదు.

అక్టోబరు 12, ఆదివారం

ఏలూరు వెళ్ళొచ్చాను. పన్నెండో ఎపిసోడ్ పేజీలు ప్రింటు తీసి అమ్మమ్మ చేతిలో పెట్టాను. ఇందులో గాలి పడిపోతుంది, తెరచాప దించి గట్టు మీద నుంచి మనుషులు తాడుతో పడవని లాగుతారు. అమ్మమ్మ కాగితాన్ని దూరంగా పట్టుకుని చాలాసేపు చూసింది.

"తాడు ముక్కుకి కట్టావేంటే?"

"మరెక్కడ కట్టేవాళ్ళు?"

"తెరచాప కొయ్యకి. పైనుంచి పోవాలి తాడు. గట్టు మీద తుమ్మచెట్లుంటాయి, ముక్కుకి కడితే ప్రతి చెట్టుకీ తగులుకుంటది."

తర్వాత నా చెయ్యి పట్టుకుని లేపి, తన పైటకొంగు మడిచి నా భుజం మీద వేసి, దాని మీదుగా తాడు ఎలా వస్తుందో చూపించింది. చేత్తో లాగరట, ఒంటితో లాగుతారట. మనిషి ముందుకి పడిపోతాడేమో అన్నంతగా వంగాలి. నేను గీసినవాళ్ళు నిటారుగా నడుస్తున్నారు. ఏడు గడులు మళ్ళీ గీయాలి, 19లోపు. గీస్తాను. ఆ ఏడు గడులు తప్పుగా ఉంటే ఈ కామిక్ చేయడంలో అర్థమే లేదు.

ఇకనుంచి ప్లాను కాగానే, పెన్సిల్ కంటే ముందే మామయ్య వాట్సాప్‌కు పంపిస్తాను. ఆదివారం సాయంత్రం అమ్మమ్మతో ఫోను. వారానికి అరగంట.

అక్టోబరు 21, మంగళవారం

ఈసారి దీపావళి, 3బీ గడువు ఒకే రోజు పడ్డాయి. రెండు రోజుల ముందు గడువు 25కి పెంచారు. నిన్న ఇంట్లోనే ఉన్నాను. తమ్ముడితో చిచ్చుబుడ్లు కాల్చాను. బొమ్మ పని చేయలేదు.

అక్టోబరు 29, బుధవారం

నిన్న మొంథా తుపాను. మధ్యాహ్నమే ఆఫీసు నుంచి పంపించేశారు. రాత్రి కరెంటు పోయింది. నా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, వైరు తీస్తే వెంటనే ఆగిపోతుంది. మేలో ఇలాగే ఆగి మూడు గంటల ఇంకు పని పోయింది. అప్పటినుంచి ప్రతి రాత్రి పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఆన్‌లైన్ డ్రైవ్‌లో ఒకటి కాపీ వేస్తున్నాను కాబట్టి ఈసారి ఏమీ పోలేదు. ఏలూరుకి ఫోను కలవక తెల్లవార్లూ నిద్ర పట్టలేదు. పొద్దున ఏడింటికి మామయ్య ఎత్తాడు. అందరూ బాగానే ఉన్నారు.

నవంబరు 16, ఆదివారం

పద్నాలుగో ఎపిసోడ్ పెట్టాను. మొదటి భాగం ఇక్కడితో పూర్తి. పడవ ఏలూరు చేరింది, చిట్టి బస్తా మీద నిద్రపోయింది.

పరీక్షకు నెల కూడా లేదు. పొద్దున ముప్పావు గంట కూడా చదువుకు కావాలి. ఈ ఒక్క నెల ఎలాగోలా రెండూ చేయాలని చాలా అనిపించింది. కానీ అలసిపోయిన బుర్రతో చిట్టి ముఖం గీస్తే ఏమవుతుందో లెడ్జరులో ఉంది. అందుకే సెలవు ప్రకటన రాశాను: "డిసెంబరులో నాకు పరీక్షలు. రెండో భాగం 2026 జనవరి 25, ఆదివారం మొదలవుతుంది. అప్పటికి రెండు ఎపిసోడ్లు చేతిలో పెట్టుకుని వస్తాను." తేదీ ఊరికే వేయలేదు. సంక్రాంతి, ఆ నెల 11, 20 తేదీలు అన్నీ దాటాక వచ్చే ఆదివారం అది. "త్వరలో" అని రాస్తే నేను మళ్ళీ మొదటి పన్నెండు వారాల దగ్గరికే వెళ్తాను. ఒక కామెంటు వచ్చింది: "బాగా రాయండి, 25న కలుద్దాం." చూసి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కుడి మణికట్టు ఈ మధ్య నొప్పెడుతోంది. దానికీ ఈ సెలవు మంచిదే. తిరిగి మొదలుపెట్టినప్పుడు అరగంటకోసారి లేచి చెయ్యి విదిలించాలని టాబ్లెట్ మీద కాగితం అంటించాను.

సాయంత్రం అమ్మమ్మతో మాట్లాడాను. ఇక రెండు నెలలు బొమ్మలు పంపనని చెప్పాను. సరేనంది. ఫోను పెట్టేయబోతుంటే, "లాకు తలుపులు తిప్పే ఆయన ఉండేవాడు, చిట్టికి రోజూ తేగలు ఇచ్చేవాడు, ఆయన పేరు నీకు చెప్పానా?" అని అడిగింది. చెప్పలేదు. చెప్పింది. లెడ్జరులో కొత్త పేజీ తీసి, పైన "ఎపిసోడ్ 15" అని రాసి, దాని కింద ఆ పేరు రాసుకున్నాను. పుస్తకం మూసి అలమరలో పెట్టాను. రేపు ఐదింటికి లేవాలి, మేనేజ్‌మెంట్ అకౌంటింగ్.